‘ధారేతి’: పొదివి పట్టుకోవడం అనే ధమ్మం

తెలుగులో పట్టుకోవడం చాలా రకాలు. పోలీసు దొంగను పట్టుకుంటాడు. జలగ కాలు పట్టుకుంటుంది. జ్వరం పట్టుకుంటుంది, పిచ్చి పట్టుకుంటుంది. పంతం పట్టినవాడు విడవడు. వీటన్నిటిలో పట్టేవాడి బలమే కనిపిస్తుంది. పట్టుబడినదాని క్షేమం గురించి ఈ మాటలకు పట్టింపు లేదు.

గూటి నుంచి జారిపడిన పిట్టపిల్లను, పురిటిబిడ్డను, గాలిలో రెపరెపలాడే దీపాన్ని చేతుల్లోకి తీసుకునేటప్పుడు మాత్రం మనం వేరే మాట వాడతాం. పొదివి పట్టుకుంటాం, పొదువుకుంటాం. కోడి గుడ్లను పొదుగుతుంది. దూడకు పాలిచ్చే చోటు పొదుగు. ఈ మాటల్లో బలం కన్నా వెచ్చదనం ఎక్కువ. ఇక్కడ పట్టు ఉన్నది లోపలి ప్రాణం కోసం. జారిపోకుండా చూడాలి, నలిగిపోకుండానూ చూడాలి.

బౌద్ధ వాఙ్మయంలో ఇలాంటి మాట ఒకటి ఉంది. పాళీలో అది ‘ధారేతి’. ‘ధమ్మం’ అన్న మాట పుట్టిన ధాతువు నుంచే ఇదీ పుట్టింది. మన తెలుగు అనువాదాలలో ఇది ఒకచోట ‘ధరించును’ అనీ, ఒకచోట ‘గుర్తుంచుకొనును’ అనీ, మరోచోట ‘స్వీకరించును’ అనీ మారిపోయి కనిపిస్తుంది. ఏ తర్జుమా తప్పు కాదు. అయితే మూడు చోట్లా ఉన్నది ఒకే మాట అన్న సంగతి చదివేవారికి తెలియదు. ఈ ఒక్క మాట చరిత్ర తెలిస్తే ధమ్మాన్ని ఎలా పట్టుకోవాలో, ధమ్మంలోకి వచ్చిన మనిషిని ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది.

తాకడాన్ని మైలపరచిన భాష

ముందుగా మన భాషలోనే ఒక సంగతి చూద్దాం. ఒకరినొకరు తాకడానికి తెలుగులో ఉన్న పాత క్రియలలో రెండు: అంటు, ముట్టు. రెండూ మామూలు మాటలే. కానీ కుల సమాజం చేతిలో పడి ఇవి ఏమయ్యాయి? ‘అంటు’ అంటే తాకడమే కాక మైల కూడా అయింది. అందులోంచే ‘అంటరానితనం’ పుట్టింది. ‘ముట్టు’ ఆడవాళ్ల నెలసరికి పేరై, వారిని ఇంటి బయట కూర్చోబెట్టే ఆచారమైంది. మనిషిని మనిషి తాకే క్రియలు రెండూ మనిషిని దూరంపెట్టే నామవాచకాలుగా మారాయి. ఒక సమాజం ఏమి చేసిందో తెలుసుకోవడానికి శాసనాలే తవ్వనక్కర లేదు, నిఘంటువు తెరిచినా చాలు.

పల్లెల్లో దాహమేసిన దళితుడికి నీళ్లు ఎలా పోశారో మన పెద్దలకు తెలుసు. అతను వంగి దోసిలి పట్టాలి. పైనుంచి, చెంబు తగలనంత ఎత్తునుంచి ధార పోస్తారు. దోసిలి నిజానికి మనిషి చేతులు కుదిరే రూపాలన్నిటిలోకీ మెత్తనిది. అది పిడికిలిలా బిగుసుకోదు, చాచిన చేతిలా వదిలేయదు. అలాంటి దోసిలిని కులం అవమానానికి గుర్తుగా చేసింది. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చవదార్ చెరువులో దిగి నీటిని తన చేతులతో తీసుకుని తాగారు. ఆ రోజు పైనుంచి పోసేవాడు లేడు. నీటికీ దోసిలికీ మధ్య దూరం లేదు.

అంటు, ముట్టు అనే మాటలు మైలపడిపోయిన ఈ భాషలో ‘పొదువు’ మాత్రం మైలపడలేదు. ధారేతిని తెలుగులోకి తేవడానికి నాకు ఈ మాట దగ్గరగా తోచడానికి అదొక కారణం.

వినడానికీ విచారించడానికీ మధ్య

పాళీలో ‘ధారేతి’కి సాధారణ వాడుకలు చాలా ఉన్నాయి. భిక్ఖువు చీవరాన్ని ‘ధారేతి’, అంటే ఒంటి మీద ఉంచుకుంటాడు. అదనపు చీవరం దొరికితే పది రోజులకు మించి ఉంచుకోకూడదని వినయ నియమం. అదనపు పాత్రకూ అదే గడువు. ఆ నియమాలలో ఉన్న క్రియ కూడా ఇదే. అంటే పట్టుకోవడానికి ఒక హద్దు ఉందని ఈ మాట తొలి నుంచే నేర్పుతుంది. అవసరానికి ఉంచుకోవాలి, పోగుచేయకూడదు.

దీనికి ఎదురుగా బౌద్ధంలో మరొక మాట ఉంది, ‘ఉపాదానం’. దుఃఖం పుట్టే వరుసలో తణ్హ తరువాతిది అదే. కోరికను, దృష్టిని, వ్రతాలూ తంతులను, ‘నేను’ అనే వాదాన్ని గట్టిగా కరిచి పట్టుకోవడం ఉపాదానం. పాళీలో ఈ మాటకు వంటచెరకు, ఇంధనం అనే అర్థం కూడా ఉంది. మంట కట్టెను పట్టుకున్నట్టు పట్టుకోవడమన్నమాట. అలా పట్టుకున్నది కట్టెనూ మిగల్చదు, చివరికి తానూ మిగలదు. ధారేతి అలాంటిది కాదు.

మజ్ఝిమ నికాయంలోని చంకీ సుత్తంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కోసల దేశంలో ఓపాసాదమనే బ్రాహ్మణ గ్రామం. పదహారేళ్ల కాపఠికుడనే బ్రాహ్మణ యువకుడు వేదంలో ఆరితేరినవాడు. తన మంత్రాలు పరంపరగా వచ్చాయి కాబట్టి అవే సత్యమనీ, మిగిలినదంతా అబద్ధమనీ అతని వాదం. ఆ వాదానికి బుద్ధుడు అతణ్ణి కసురుకోలేదు. నాకు తెలుసు, నేను చూశాను అని చెప్పగలిగినవాడు ఆ పరంపరలో ఒక్కడైనా ఉన్నాడా అని అడిగాడు. ఒకరి వెనుక ఒకరు పట్టుకుని నడిచే గుడ్డివాళ్ల వరుసతో పోల్చాడు. అక్కడున్నదీ పట్టుకోవడమే, కానీ దారి తెలియని పట్టు.

ఆ తరువాత సత్యాన్ని చేరే మెట్లను వరుసగా చెప్పాడు. మనిషి గురువు దగ్గరకు వెళతాడు, పరీక్షిస్తాడు, చెవి ఒగ్గుతాడు, ధమ్మాన్ని వింటాడు. విన్నదాన్ని ధారణ చేస్తాడు. ధారణ చేసినదాని అర్థాన్ని విచారిస్తాడు. వినడానికీ విచారించడానికీ మధ్య ఉన్న మెట్టు ధారేతి. వినగానే నమ్మేయమని చెప్పలేదు, వినగానే పారేయమనీ చెప్పలేదు. అటూ ఇటూ తిప్పి చూడటానికి వీలుగా మనసులో ఉంచుకోమన్నాడు. పిడికిట్లో బిగించినదాన్ని ఎవరూ పరిశీలించలేరు. కింద పడేసినదాన్నీ పరిశీలించలేరు. దోసిట్లో ఉన్నదాన్నే చూడగలం.

ధరులు ఎవరు?

బుద్ధ వచనాన్ని తాటాకుల మీద రాయడం శ్రీలంకలో క్రీ.పూ. 1వ శతాబ్దంలో, అలువిహారలో జరిగిందని ఆ దేశ సంప్రదాయం. అంటే అంతకు ముందు కొన్ని వందల ఏళ్ల పాటు ధమ్మం మనుషుల నోళ్లలో, మనసుల్లో బతికింది. అలా పొదువుకున్నవారికి వచ్చిన బిరుదులు ఈ క్రియ నుంచే పుట్టాయి: ధమ్మధరుడు, వినయధరుడు, మాతికాధరుడు. అవధానం వల్ల తెలుగువారికి ‘ధారణ’ అనే మాట బాగా పరిచయం. అయితే అవధాని ధారణ ఒక సభకు సరిపోతుంది. ఈ ధరుల ధారణ తరాలకు సరిపోయింది.

మరి ఈ ధరులు ఎవరు? వేదాన్ని ధరించే హక్కు పుట్టుకను బట్టి వచ్చింది. శూద్రుడు వింటేనే నేరమని ధర్మశాస్త్రాలు శాసించాయి. బౌద్ధంలో వినయధరులలో అగ్రగణ్యుడని తథాగతుడు పేర్కొన్నది ఉపాలిని. ఉపాలి శాక్యుల మంగలి.

ఆ కథ వినయ పిటకంలో ఉంది. భద్దియుడు, అనురుద్ధుడు, ఆనందుడు, భగుడు, కింబిలుడు, దేవదత్తుడు అనే శాక్య కుమారులు సంఘంలో చేరడానికి బయలుదేరారు. వెంట ఉపాలి ఉన్నాడు. పొలిమేర దాటాక నగలన్నీ మూటకట్టి అతనికిచ్చి, ఇక వెళ్లి బతకమన్నారు. నగలతో తిరిగి వెళితే కుమారులను చంపి వచ్చానని శాక్యులు తనను బతకనివ్వరని ఉపాలికి భయం కలిగింది. మూటను చెట్టుకు తగిలించి, తీసుకున్నవారిదే అని చెప్పి, వారి వెనుకే వెళ్లాడు. బుద్ధుని ముందు శాక్య కుమారులే ఒక మాట అడిగారు: ఇతను ఎంతోకాలంగా మాకు సేవ చేసినవాడు, ముందుగా ఇతనికే దీక్ష ఇవ్వండి, అప్పుడు మేమే ఇతనికి నమస్కరిస్తాం, మా శాక్య గర్వం అణుగుతుంది. అలాగే జరిగింది.

బుద్ధుని పరినిబ్బానం తరువాత రాజగహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయమంతా చెప్పినవాడు ఉపాలి, ధమ్మం చెప్పినవాడు ఆనందుడు. నగలమూటను చెట్టుకు వదిలిన చేతులు సంఘం నియమాలను పొదివి పట్టుకున్నాయి. ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో తెలిసిన మనిషి కనుకనే వినయధరుడయ్యాడు.

భిక్ఖునులలో వినయధరగా అగ్రస్థానం పటాచారది. భర్తను, ఇద్దరు బిడ్డలను, తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఒంటి మీద బట్ట కూడా తెలియని స్థితిలో జేతవనానికి వచ్చిన స్త్రీ ఆమె. పిచ్చిదాన్ని రానివ్వకండని జనం అడ్డుపడ్డారు. అడ్డుపెట్టకండని బుద్ధుడన్నాడు. కోల్పోయిన స్మృతిని మళ్లీ తెచ్చుకోమని ఆమెకు చెప్పాడు. చేతుల్లో ఉన్నవన్నీ జారిపోయిన మనిషి తరువాతి కాలంలో సంఘానికే ధారణ అయింది. మంగలి, వీధిన పడ్డ స్త్రీ – వినయాన్ని నిలబెట్టినవారిలో ముందు వరుస ఇది. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉండి ఉంటే ఎంత బాగుండేది!

కృష్ణ ఒడ్డున ధరులు

ఈ మాట మన నేలకూ వచ్చింది. అమరావతి శాసనాలలో ‘మహావినయధర’ అన్న బిరుదు కనిపిస్తుంది. నాగార్జునకొండ మహాచైత్యం దగ్గరి శాసనాలు ఇంకా వివరంగా చెబుతాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, అతని మేనత్త చాంతిసిరి ఆ మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టింది. ఆ నవకర్మను పూర్తిచేయించిన భిక్ఖువు పేరు భదంత ఆనందుడు. శాసనం అతణ్ణి దీఘ, మజ్ఝిమ నికాయాల ‘ధరుడు’ అని చెప్పింది.

నికాయాలను మనసులో పొదువుకున్న మనిషే రాళ్ల పని కూడా దగ్గరుండి చూసుకున్నాడు. ఇప్పుడు ఆ లోయంతా నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో బయటపడిన వాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి చేర్చి కాపాడారు. స్తంభాలను నీళ్ల నుంచి కాపాడగలిగాం. భదంత ఆనందుని మనసులో ఉన్న ఆ రెండు నికాయాలను తెలుగు నేల ఎప్పుడు వదిలేసిందో ఏ శాసనమూ చెప్పదు. వాటిని పొదివి పట్టుకునే గృహస్థులు, భిక్ఖువులు లేని రోజున అవి జారిపోయాయి. రాయి పడి ఉన్నా నిలుస్తుంది, ధమ్మానికి మాత్రం పట్టుకునే చేతులు కావాలి.

ధరులే పిడికిలి బిగిస్తే

ధరుడన్న బిరుదు వచ్చినంత మాత్రాన పట్టు మెత్తబడదు. దీనికి కోసంబి గొడవే సాక్ష్యం. ఘోసితారామంలో ఒక వినయధరునికీ ఒక ధమ్మ బోధకునికీ మధ్య తగాదా వచ్చింది. మరుగు గదిలోని పాత్రలో మిగిలిన నీళ్లను వదిలి రావడం అందుకు కారణమని అట్ఠకథలు చెబుతాయి. ఇద్దరి శిష్యులూ రెండు వర్గాలయ్యారు. బుద్ధుడు చెప్పినా వినలేదు. చివరికి ఆయనే వారిని వదిలి వెళ్లిపోయాడు.

అలా వెళ్లి, పాలూ నీళ్లలా కలిసి ఉంటున్న అనురుద్ధుడు, నందియుడు, కింబిలుల దగ్గరకు చేరాడు. వారికి తన సాధన అనుభవం చెబుతూ చెప్పిన ఉపమానమే కౌజు పిట్ట. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే అక్కడే చచ్చిపోతుంది, వదులుగా పట్టుకుంటే చేతిలోంచి ఎగిరిపోతుంది. ధ్యానంలో వీర్యం గురించి చెప్పిన మాట ఇది. కానీ కోసంబి నుంచి వచ్చిన దారి గుర్తుంచుకుని చదివితే ఆ పిట్ట సంఘం కూడా కాగలదని నాకనిపిస్తుంది.

ఇలాంటి ఉపమానాలు ఇంకా ఉన్నాయి. పామును తోక దగ్గర పట్టుకున్నవాడి కథ ఒకటి. ఏరు దాటాక తెప్పను నెత్తిన పెట్టుకుని నడిచేవాడి కథ మరొకటి. అడ్డదిడ్డంగా దూస్తే చేతిని కోసే దర్భ ఇంకొకటి. అన్నిటి సారం ఒకటే: ఎంత మంచిదైనా, పట్టే తీరు తప్పితే హాని చేస్తుంది. మరో చోట కోడి ఉపమానం ఉంది. ఎనిమిదో పదో పన్నెండో గుడ్లను సరిగా పొదిగిన కోడి, పిల్లలు క్షేమంగా బయటికి రావాలని కోరుకోకపోయినా అవి పెంకు పగలగొట్టుకుని వస్తాయి. సాధనకు బౌద్ధం పెట్టిన పేరు ‘భావన’. ఆ కోడి గుడ్లను పొదగడానికి వాడిన మాటల్లోనూ అదే ధాతువు ఉంది.

గచ్ఛామి, ధారేతు

ఇక అసలు విషయానికి వద్దాం. త్రిశరణంలో ‘గచ్ఛామి’ అనే మాట మనందరి నోటా ఉంది. వెళుతున్నాను అని అర్థం. సుత్తాలలో గృహస్థులు శరణు చెప్పుకునే చోట దాని వెంటనే మరో క్రియ వస్తుంది, ‘ధారేతు’. ఈ రోజు నుంచి బతికినంత కాలం నన్ను శరణు పొందిన ఉపాసకునిగా ఉంచుకోండి అని వచ్చినవాడు అడుగుతాడు. మన అనువాదాలలో అది ‘స్వీకరించండి’ అయింది. స్వీకరించడం ఒక క్షణంలో అయిపోయే పని. ధారేతు అలా కాదు, అది బతికినంత కాలం సాగేది. గచ్ఛామి వచ్చేవాడి బాధ్యత. ధారేతు అందుకునేవారి బాధ్యత.

ఈ రెండో సగాన్ని మన చరిత్ర మరచిపోయింది. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ దీన్ని నిష్కర్షగా చెప్పారు. సంఘంలో చేరడానికి దీక్ష ఉండేది కానీ గృహస్థులకు విడిగా ధమ్మదీక్ష లేదనీ, అది పెద్ద లోపమనీ, భారతదేశంలో బౌద్ధం క్షీణించడానికి అదొక కారణమనీ ఆయన అభిప్రాయం. ఉపాసకులు ఒక మతం నుంచి మరో మతానికి తిరిగేవారు, ఒకేసారి రెండూ పాటించేవారు. మన మాటలో చెప్పాలంటే, వాళ్లు వచ్చారు కానీ వాళ్లను పొదివి పట్టుకున్న ఏర్పాటు లేదు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన ఆ లోపాన్ని పూరించారు. భదంత చంద్రమణి మహాథేరో దగ్గర సవితా అంబేడ్కర్‌తో కలిసి త్రిశరణ పంచశీలాలు తీసుకున్నారు. తరువాత తానే లక్షల మందికి 22 ప్రతిజ్ఞలతో దీక్ష ఇచ్చారు. గృహస్థుడే గృహస్థులకు దీక్ష ఇవ్వడం కొత్త. 22 ప్రతిజ్ఞలు కూడా కొత్త. ఇవి మనిషిని బంధించే పిడికిలి అని విమర్శించేవారున్నారు. చరిత్ర చదివితే అవి దోసిలి అని తెలుస్తుంది. వందల ఏళ్ల కిందట జారిపోయినది మళ్లీ జారిపోకుండా వేళ్లు దగ్గరగా చేర్చడమే అది.

ఏడున్నర వారాలకే, డిసెంబర్ 6న, ఆయన పరినిర్వాణం చెందారు. వచ్చినవారు లక్షల్లో ఉన్నారు. వారిని పట్టుకోవాల్సిన చేతులు ఇంకా తయారు కాలేదు. రాజ్యం కూడా చేయి వదిలింది. బౌద్ధం తీసుకున్న దళితుడు కేంద్ర ప్రభుత్వ దృష్టిలో షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి జారిపోయాడు. 1950 నాటి ఉత్తర్వును సవరించి బౌద్ధులను చేర్చింది 1990లో. ఆ 34 ఏళ్లలో ధమ్మంలోకి వెళ్లడానికి ఒక కుటుంబం తన పిల్లల చదువునూ ఉద్యోగాన్నీ పణంగా పెట్టాల్సి వచ్చింది. సర్టిఫికెట్ మీద ఒక మతం, గుండెలో ఒక ధమ్మం ఉంచుకున్నవారిని తేలికగా నిందించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారి గచ్ఛామిలో లోటు లేదు. లోటు మన ధారేతులో ఉంది.

తల వైపు ఎవరు పట్టుకున్నారు?

ధారేతు ఆచరణలో ఎలా ఉంటుందో వినయంలో ఒక సంఘటన చూపిస్తుంది. బుద్ధుడు ఆనందునితో కలిసి భిక్ఖువుల నివాసాలు చూస్తూ వెళుతున్నాడు. ఒక భిక్ఖువు అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. నిన్ను చూసుకునేవారు లేరా అని అడిగితే, నేను వారికి ఏ పనికీ రాను కాబట్టి ఎవరూ చూడరన్నాడు. బుద్ధుడు ఆనందుని చేత నీళ్లు తెప్పించాడు. తాను నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. తరువాత తల వైపు బుద్ధుడు, కాళ్ల వైపు ఆనందుడు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు.

ఆ పైన సంఘాన్ని పిలిచి చెప్పాడు: ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు? నాకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలి.

మలం అంటిన మనిషిని ముట్టుకోవడం ఒక కులం పని అని ఈ దేశం తీర్మానించింది. ఆ పనిని శాస్త చేశాడు. తల వైపు తానే పట్టుకున్నాడు. ‘అంటు’ అనే మాటకు బౌద్ధం ఇచ్చిన సమాధానం ఏ గ్రంథంలో కన్నా ఈ మంచం దగ్గర స్పష్టంగా ఉంది.

మన విహారాలలో ఇప్పుడు దీక్షా సభలు జరుగుతున్నాయి. తెల్లబట్టలు, త్రిశరణం, ఫోటోలు, భోజనాలు ఉంటున్నాయి. మంచిదే. దీక్ష తీసుకున్న కుటుంబం మరుసటి నెలలో ఆసుపత్రిలో ఉంటే వెళ్లేది ఎవరు? ఆ ఇంట్లో పెళ్లి వస్తే, చావు వస్తే, బంధువులు పాత తంతు చేయమని ఒత్తిడి చేసే రోజున పక్కన నిలబడేది ఎవరు? వాళ్ల పిల్లలకు పాళీ గాథలను అర్థంతో నేర్పేది ఎవరు? సంఘాలు చీలినప్పుడు పిడికిలి విప్పేది ఎవరు? ఇవి ఖర్చుతో అయ్యే పనులు కావు. ప్రతి విహారం తన ఉపాసకుల పేర్లు రాసుకుని, నెలకొకసారైనా ప్రతి గడపకూ ఒకరు వెళ్లి వస్తే ధారేతు మొదలైనట్టే.

ఉపాలి వినయాన్ని పట్టుకున్నాడు, భదంత ఆనందుడు నికాయాలను పట్టుకున్నాడు, బాబాసాహెబ్ లక్షల మందిని దోసిట్లోకి తీసుకున్నారు. ఇప్పుడు వంతు మనది. రేపు విహారంలో ఎవరైనా మొదటిసారి శరణం గచ్ఛామి అన్నప్పుడు, అక్కడున్న మనమంతా మనసులో ధారేమి అనుకుందాం. ఉంచుకుంటున్నాను అని దానికి అర్థం. అనుకున్నాక ఆ మనిషి ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుందాం.